పాత మానిటర్: బాగు చేయిస్తే లాభమా, కొత్తది కొంటే మేలా?

కరీంనగర్_కుర్రోడు:
2009లో నాన్న కొన్న 19 అంగుళాల మానిటర్. ఆన్ చేస్తే రెండు సెకన్లు బొమ్మ వచ్చి నల్లగా అయిపోతోంది, పవర్ లైటు మాత్రం అలాగే వెలుగుతోంది. షాపతను ప్యానెల్ (బొమ్మ చూపించే తెర) పోయింది, కొత్త మానిటర్ తీసుకోమన్నాడు. నిజమేనా అన్నలూ?

స్పెక్స్_పిచ్చి:
తీసుకో బ్రో, ఇంకా ఆలోచన ఎందుకు. కొత్త వాటిలో చాలావాటికి మూడేళ్ల వారంటీ వస్తుంది, కరెంటూ తక్కువ తాగుతాయి.

టంకం_మామ:
ఆగు తమ్ముడూ. ప్యానెల్ పోతే ఆ రెండు సెకన్లు బొమ్మ శుభ్రంగా ఎలా వస్తుంది? గదిలో లైటు ఆపేసి, స్క్రీన్ నల్లబడ్డాక ఫోన్ టార్చ్ ఏటవాలుగా కొట్టి చూడు, ఐకాన్లు లీలగా కనిపిస్తే ప్యానెల్ బాగానే ఉన్నట్టు, ఆగిపోయింది తెరకి వెనకాల నుంచి వెలుగిచ్చే బ్యాక్‌లైటే. ఆ కాలం వాటిలో సన్నటి ట్యూబులుంటాయి, ఒక్కటి సరిగ్గా వెలగకపోయినా, వాటికి కరెంటిచ్చే ఇన్వర్టర్ అనే లోపలి సర్క్యూట్ అన్నిటినీ ఆపేస్తుంది. పవర్ బోర్డు మీద కెపాసిటర్ల (కరెంటు నిలవ ఉంచే చిన్న డబ్బాల్లాంటివి) నెత్తి ఉబ్బినా ఇదే తంతు. కెపాసిటర్లే అయితే హైదరాబాద్ కోఠి గుజరాతీ గల్లీలో దొరుకుతాయి, పాతదాని మీద రాసున్న మైక్రోఫారడ్ అంకె అదే ఉండాలి, వోల్టేజీ తగ్గకూడదు, 105 డిగ్రీల వేడి తట్టుకునేవే అడుగు.

స్పెక్స్_పిచ్చి:
మామా, మీకు టంకం పెట్టడం సరదా, అతనికి పని కావాలి. కొత్త ల్యాప్‌టాప్‌కి ఆ పాత మానిటర్ కేబుల్ పెట్టే వీజీఏ పోర్టే ఉండదు, దానికో కన్వర్టర్ కొనాలి. పైగా ఆ బోర్డు మీద పెద్ద కెపాసిటర్‌లో ప్లగ్గు తీసేసినా 300 వోల్టులు నిలిచి ఉండొచ్చు, అలవాటు లేనివాళ్లని విప్పమంటారా?

టంకం_మామ:
అతన్నే విప్పమని ఎవరన్నారు, మెకానిక్ చేత చేయించుకోమంటున్నా. టార్చ్ కూడా వేయకుండా ప్యానెల్ పోయిందనే షాపతని మాట నమ్మి పర్సు తీయొద్దనే నా గోల.

నైట్‌షిఫ్ట్:
మధ్యలో దూరుతున్నా, నా దాంట్లో నిలువుగా పచ్చ గీత. అది కూడా కెపాసిటరేనా?

టంకం_మామ:
కాదు. మానిటర్ బటన్ నొక్కి దాని సొంత మెనూ తెరువు, గీత మెనూ మీదుగా కూడా పోతే తప్పు కేబుల్‌దీ గ్రాఫిక్స్ కార్డుదీ కాదు. దాదాపు ప్యానెలే అనుకో. దానికి డబ్బులు పెట్టకు.

కరీంనగర్_కుర్రోడు:
అన్నా, టార్చ్ వేశా. రీసైకిల్ బిన్ కనిపిస్తోంది!!

స్పెక్స్_పిచ్చి:
సరే, చేయించు. లోపల ట్యూబులే పోయుంటే మాత్రం ఇంకో రూపాయి పెట్టకు.

టంకం_మామ:
ట్యూబులైతే నేనూ వద్దనే అంటా. కానీ వాటిలో పాదరసం ఉంటుంది, చెత్త బండిలో వేయకుండా ఈ-వేస్ట్ తీసుకునేవాళ్లకు ఇవ్వు.