అప్‌డేట్: డిస్‌ప్లే వచ్చింది, లోపం బయోస్‌లో

కొత్త డెస్క్‌టాప్‌లో ఫ్యాన్లు తిరుగుతున్నా మానిటర్ నల్లగానే ఉంటోందని, మదర్‌బోర్డు మీద సీపీయూ (ప్రాసెసర్) దగ్గరి ఎర్ర లైటు ఆరడం లేదని అడిగాను కదా. మీరు చెప్పినట్టు ర్యామ్ తీసి పెట్టినా, కేబుల్ మార్చినా ఫలితం లేదు. నల్గొండ క్లాక్ టవర్ దగ్గరి రిపేరు షాపాయన బోర్డు పెట్టె మీద ‘రైజెన్ 5000 రెడీ’ స్టిక్కర్ లేకపోవడం చూసి పట్టేశారు. నా బోర్డు రకం బీ450, అవి 2018 నాటివి; నా ప్రాసెసర్ రైజెన్ 5 5600 వచ్చింది 2022లో. బోర్డులోని పాత బయోస్ (కంప్యూటర్ ఆన్ చేయగానే మొదట నడిచే ప్రోగ్రాం) ఆ ప్రాసెసర్‌ని గుర్తుపట్టదు! రెండూ కలిపి అమ్మినవారు ఆ ముక్క చెప్పాల్సింది.

ఎఫ్ఏటీ32 అనే పద్ధతిలో ఫార్మాట్ చేసిన పెన్‌డ్రైవ్‌లో కొత్త బయోస్ ఫైలు వేసి, బోర్డు వెనక ఫ్లాష్ బటన్ (బయోస్‌ని మార్చే బటన్) నొక్కిపట్టారు. పక్కనున్న చిన్న లైటు మిణుకుమిణుకుమంటున్నంతసేపూ కరెంటు పోకూడదట. యూపీఎస్ ఉంది కాబట్టి సరిపోయింది. లైటు ఆగాక ఆన్ చేస్తే తెర వెలిగింది. ఆ బటన్ లేని బోర్డయితే, బయోస్ మార్చేందుకు పాత బయోస్ గుర్తుపట్టే పాత ప్రాసెసర్ అరువు తెచ్చుకోవాల్సి వచ్చేది.