అప్‌డేట్: లైబ్రరీ కంప్యూటర్లలో ఏ సాఫ్ట్‌వేర్ ఉంచామంటే

విండోస్ 10 సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో ఆగిపోయింది కదా, అమలాపురం దగ్గర మా ఊరి లైబ్రరీలో పాత కంప్యూటర్లకి విండోస్ బదులు లినక్స్ మింట్ అనే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్ ఎక్కిస్తున్నాం, కొత్తవాళ్ల కోసం ముందే ఏ సాఫ్ట్‌వేర్ ఉంచాలని ఇదివరకు అడిగాను. మీరు చెప్పినట్టే పనికి ఒక్కటే ఉంచాం. నెట్ చూడ్డానికి ఫైర్‌ఫాక్స్, వీడియోలకి వీఎల్‌సీ, టైపింగ్‌కీ లెక్కలకీ లిబ్రేఆఫీస్, అంతే. రెండేసి ఉంటే ఏది నొక్కాలో తెలియక పిల్లలు ఆగిపోతున్నారండి.

అసలు తేడా తెచ్చింది మాత్రం లిబ్రేఆఫీస్ సెట్టింగులే. వ్యూ మెనూలో యూజర్ ఇంటర్‌ఫేస్‌ని ట్యాబ్డ్‌కి (వర్డ్‌లో లాగా పైన ట్యాబులు కనిపించేలా) మార్చాం, సేవ్ చేస్తే ఫైల్ డీఫాల్ట్‌గా వర్డ్ ఫార్మాట్‌లోనే పడేలా పెట్టాం, ఎందుకంటే ఇక్కడ టైప్ చేసిన అర్జీ జిరాక్స్ షాపులో ప్రింట్ తీయాలి, అక్కడుండేది వర్డే. ఈ ఒక్క మార్పుతో సగం టెన్షన్ పోయింది. రొయ్యల చెరువు లెక్కలు రాసుకునే ఒక బాబాయ్ గారు ఇప్పుడు కాల్క్ (లిబ్రేఆఫీస్‌లో ఎక్సెల్ లాంటిది) వదలట్లేదు.

తెలుగు టైపింగ్ ఇంకా తేలలేదు. ఇన్‌స్క్రిప్ట్ (మీటకో తెలుగు అక్షరం ఉండే కీబోర్డు పద్ధతి) పెద్దవాళ్లకి కష్టంగా ఉంది, ఇంగ్లీషు అక్షరాలతో తెలుగు కొట్టే పద్ధతి కూడా దాంతో పాటు పెట్టి చూస్తున్నాం.