క్లౌడ్ ఖాతా లాక్ చేశారు: ఫిర్యాదు జర్మనీలోనా, ఐర్లండ్‌లోనా?

అందరికీ నమస్కారం. మేం మ్యూనిక్‌లో ఉంటాం. పాప పుట్టినప్పటి నుంచి ఫోటోలన్నీ ఒక క్లౌడ్ కంపెనీలో దాచుకున్నాం (గొడవ ఇంకా నడుస్తోంది, పేరు రాయను). మార్చిలో ఖాతా లాక్ చేసేశారు. కారణం అడిగితే "నిబంధనల ఉల్లంఘన" అని రెండు ముక్కలు. అన్నప్రాసన రోజు పాప బంగారం పక్కకు నెట్టి పెన్ను పట్టుకున్న ఫోటో కూడా అందులోనే ఇరుక్కుంది. మా అమ్మ రోజూ ఫోన్లో అదే అడుగుతోంది.

యూరప్ డేటా రక్షణ చట్టం జీడీపీఆర్ 15వ అధికరణం కింద నా డేటా కాపీ ఇమ్మని మెయిల్ పెట్టాను. నెలలోపు జవాబివ్వాలి. వ్యవహారం క్లిష్టమైతే ఇంకో 2 నెలలు తీసుకోవచ్చు గానీ, ఆ సంగతి మొదటి నెలలోనే చెప్పాలి. వీళ్లు సరిగ్గా 28వ రోజున పాస్‌పోర్ట్ కాపీ పంపమన్నారు. ఖాతాకున్న మెయిల్ నుంచే రాస్తుంటే నేనెవరో అనుమానమట! సహేతుకమైన అనుమానం ఉంటేనే అలా అడగాలని 12వ అధికరణం చెబుతోంది.

కంపెనీ యూరప్ ఆఫీసు ఐర్లండ్‌లోని డబ్లిన్‌లో. 77వ అధికరణం ప్రకారం నివాసమున్న చోటే ఫిర్యాదు చెయ్యొచ్చు, అంటే మాకు ఆన్స్‌బాఖ్‌లోని బవేరియా డేటా రక్షణ కార్యాలయం. కంపెనీ ఆఫీసు అక్కడుంది కాబట్టి ఎటూ ఫైలు ఐర్లండ్‌కే వెళ్తుంది కదా, నేరుగా అక్కడే ఇస్తే మేలా? ఇలా చేసినవాళ్లెవరైనా ఉన్నారా? పాస్‌పోర్ట్ నంబరు నల్లగా కొట్టేసి పంపితే ఒప్పుకున్నారా? ఈలోగా ఫోటోలు తుడిచెయ్యకుండా 18వ అధికరణం కింద ఆపమని రాస్తే పనిచేస్తుందా? నా జర్మన్ అంతంతమాత్రం, ఇంగ్లీషులో రాస్తే తీసుకుంటారో లేదో కూడా చెప్పండి.