ఫోర్డ్ నౌకలో అన్నీ ఒకేసారి మార్చడం తప్పా, తప్పనిసరా?

తీరరేఖ
అమెరికా విమానవాహక నౌక జెరాల్డ్ ఆర్. ఫోర్డ్ గురించి మా ఇద్దరు మిత్రుల మధ్య మొదలైన వాదన ఎంతకీ తెగడం లేదు, అందుకే ఇక్కడికి తెచ్చాను. మొదట అనుకున్న ప్రకారం కొత్త పరికరాలు మూడు నౌకల మీదుగా విడతలవారీగా రావాలి. 2002లో, రమ్స్‌ఫెల్డ్ రక్షణ మంత్రిగా ఉన్నప్పుడు, ఆ మెట్లన్నీ తీసేసి మొత్తం సరంజామాను ఒకే నౌకలోకి దించాలని నిర్ణయించారు. కొత్త రియాక్టర్లు, విమానాల్ని డెక్కు మీంచి గాల్లోకి విసిరే విద్యుదయస్కాంత క్యాటపల్టులు, దిగే విమానాన్ని పట్టి ఆపే కొత్త అరెస్టింగ్ గేరు, కొత్త ఆయుధాల లిఫ్టులు, కొత్త రాడార్. ఖర్చు దాదాపు 1,300 కోట్ల డాలర్లు. నౌక 2017 జూలైలో దళంలో చేరింది, కానీ విధుల మీద తొలిసారి సముద్రంలోకి బయలుదేరింది 2022 అక్టోబరులో. నా మట్టుకు పరికరాలు మంచివే. అన్నిటినీ ఒకేసారి నెత్తికెత్తుకోవడమే తప్పు. కాదనేవారు కారణం చెప్పండి.

ఆవిరిబండి
నేను కాదంటాను. ఒకేసారి పెట్టినా విడివిడిగా పెట్టినా క్యాటపల్టును మార్చాల్సిన అవసరమే లేదు. బ్రిటన్ వాళ్లు 1950లో పెర్సియస్ నౌక మీద ఆవిరి క్యాటపల్టును పరీక్షించారు. అప్పటి నుంచి అది పనిచేస్తూనే ఉంది. ఫోర్డ్ సంగతి చూడండి. రెండు వైఫల్యాల మధ్య సగటున 4,166 ప్రయోగాలు సాగాలన్నది లక్ష్యం. అమెరికా రక్షణ శాఖ పరీక్షల విభాగం 2023 మొదట్లో ఇచ్చిన నివేదికలో ఆ అంకె 614. అరెస్టింగ్ గేరుకు లక్ష్యం 16,500, వచ్చింది 460. పదహారు వేలు ఎక్కడ, నాలుగు వందలు ఎక్కడ! ట్రంప్ 2017లోనూ, మళ్లీ 2025 అక్టోబరులో జపాన్‌లో ఉన్న నౌక మీదా ఆవిరే మేలన్నారు. ఆయన చెప్పే చాలా మాటలు నాకు రుచించవు. ఈ ఒక్క మాటను మాత్రం కొట్టిపారేయలేను.

యంత్రగతి
ఆవిరిబండి గారూ, ఆవిరిని అంత పొగిడేముందు డెక్కు కింద ఏం జరుగుతుందో ఒక్కసారి చూడండి. ఒక్క విమానాన్ని విసరడానికి 600 కిలోలకు పైగా ఆవిరి కావాలి. ఆ వ్యవస్థ బరువు 480 టన్నులకు పైనే. పెట్టిన శక్తిలో పనికి వచ్చేది నూటికి నాలుగు నుంచి ఆరు పాళ్లు. అన్నిటికంటే పెద్ద చిక్కు వేరే ఉంది. వాల్వు తెరిచి ఆవిరిని వదిలాక దాని మీద మీకు అదుపు ఉండదు. విమానం బరువును బట్టి ముందే లెక్క కట్టి వదలాలి, ఆ తర్వాత దేవుడి దయ. మొదట్లోనే పెద్ద కుదుపు వస్తుంది. విమానం చట్రం ఏళ్ల తరబడి ఆ కుదుపును భరిస్తూ అలసిపోతుంది. తేలికపాటి డ్రోనునైతే ఆ దెబ్బతో విసరడమే కష్టం.

విద్యుదయస్కాంత పద్ధతిలో డెక్కు కింద దాదాపు వంద మీటర్ల పొడవున తిన్నగా పరిచిన మోటారు ఉంటుంది. గిర్రున తిరిగే బరువైన రోటార్లలో శక్తిని దాచి, రెండు మూడు సెకన్లలో దాన్ని ఆ మోటారులోకి కుమ్మరిస్తారు. విమానం పరుగెత్తుతున్నంతసేపూ వేగాన్ని కొలుస్తూ తోపును సరిచేస్తూ ఉంటారు. రోటార్లు మళ్లీ నిండడానికి 45 సెకన్లు. ఇంత విద్యుత్తు ఫోర్డ్‌కు ముందటి నిమిట్జ్ తరగతి నౌకల్లో లేదు. కొత్త రియాక్టర్లు పెట్టి విద్యుత్ సామర్థ్యాన్ని దాదాపు మూడింతలు చేశాకే ఇది సాధ్యమైంది. తీరరేఖ గారు అడిగిన ‘విడతలవారీగా’ అన్నది ఇక్కడే తేలిపోతుంది. అంత విద్యుత్తు లేకుండా ఈ క్యాటపల్టు రాదు. క్యాటపల్టు లేకపోతే అంత పెద్ద రియాక్టరుతో పనేమిటి?

పాత ఫిట్టర్
నేను నౌకల వాణ్ణి కాను. ఒక కర్మాగారంలో ఇరవై ఏళ్లకు పైగా విద్యుత్ మరమ్మతులు చూశాను. అక్కడ చేరిన రోజే నేర్పిన పాఠం ఒకటుంది. మోటారు మీద చెయ్యి వేసే ముందు సరఫరా ఆపాలి, స్విచ్చుకు తాళం వెయ్యాలి, తాళంచెవి జేబులో పెట్టుకోవాలి. ఒక రాత్రి నేను ఆ తాళం వెయ్యలేదు. పక్క షిఫ్టు కుర్రవాడు స్విచ్చు వేశాడు. నా చేతిలోని స్క్రూడ్రైవర్ కొన మైనంలా కరిగిపోయింది. ఇప్పటికీ ఆ పిడిని పెట్టెలో దాచుకున్నాను.

ఇంత సోది ఎందుకంటే, ఫోర్డ్ మీద నాలుగు క్యాటపల్టులు ఉన్నాయి గానీ శక్తిని దాచే యంత్రాలూ, దాన్ని మార్చి పంపే ఇన్వర్టర్లూ వాటికి ఉమ్మడి. విమానాలు ఎగురుతుండగా చెడిపోయిన ఒక్కదాన్ని విడదీసి మరమ్మతు చేయడం అంత సులువు కాదు. తిరిగే యంత్రాలు పూర్తిగా ఆగడానికే గంటన్నర పడుతుందని ఆ పరీక్షల విభాగమే రాసింది. ఆవిరిలోనైతే ఒక దారి వాల్వు మూసి మిగతా మూడింటితో పని కానివ్వచ్చు. నాకు 614 అనే అంకెకంటే ఈ గంటన్నరే భయం పుట్టిస్తుంది. ఇది అన్నీ ఒకేసారి పెట్టడం వల్ల వచ్చిన లోపం కాదు, నమూనా గీసిన బల్ల మీదే పుట్టినది.

తీరరేఖ
ఫిట్టర్ గారి మాట నా వాదానికి అడ్డుపడుతోంది, ఒప్పుకుంటాను. కానీ లిఫ్టుల కథ వినండి. బాంబుల్ని కింది గిడ్డంగి నుంచి పైకి చేర్చే లిఫ్టులు 11. పాతవాటిలా ఉక్కు తాళ్లు ఉండవు, ఇవీ అయస్కాంత మోటార్లతోనే నడుస్తాయి. పాత లిఫ్టు 10,500 పౌండ్లు మోస్తే ఇది 24,000 మోయాలి. 2017లో నౌకను అప్పగించే నాటికి వాటిలో ఒక్కటీ సిద్ధం కాలేదు. 2019లో నౌకాదళ మంత్రి రిచర్డ్ స్పెన్సర్, ఆ వేసవికల్లా లిఫ్టులు పనిచేయకపోతే నన్ను తీసెయ్యండి అని అధ్యక్షుడికే మాటిచ్చారు. లిఫ్టులు కాలేదు. ఆయన పదవి అదే ఏడాది పోయింది, అయితే పూర్తిగా వేరే గొడవలో! చివరి లిఫ్టు 2021 డిసెంబరులో చేతికొచ్చింది.

క్యాటపల్టునైనా న్యూజెర్సీలోని నౌకాదళ పరీక్షా కేంద్రం లేక్‌హర్స్ట్‌లో నేల మీద కట్టి, 2010 డిసెంబరులో నిజమైన యుద్ధవిమానాన్ని విసిరి చూశారు. లిఫ్టులకు అలాంటి నమూనా ముందుగా లేదు. ఫిలడెల్ఫియాలో నేల మీద కట్టింది నౌకలో తిప్పలు మొదలయ్యాకే. తొందరపాటు అని నేనన్నది దీన్నే.

సందేహి
తీరరేఖ గారూ, మీ సాక్ష్యమే మిమ్మల్ని ఓడిస్తోంది. క్యాటపల్టును నేల మీద ఏళ్ల తరబడి పరీక్షించారన్నారు. అయినా అంకె 614 దగ్గరే ఉందిగా? పైగా మొదటి నౌక కాబట్టి కష్టాలన్నారు, మరి రెండోదాని సంగతేమిటి? జాన్ ఎఫ్. కెనెడీని అప్పగించాల్సింది 2025లో. అది 2027 మార్చికి వాయిదా పడింది. కారణం ఏం చెప్పారో తెలుసా? అరెస్టింగ్ గేరు, ఆయుధాల లిఫ్టులు. అవే రెండు! రాడార్‌ను మాత్రం మార్చేశారు, అంటే తప్పు అనిపించిన చోట వెనక్కి తగ్గడం వాళ్లకు చేతనవును.

యంత్రగతి
చైనాను ఎవరూ తలుచుకోలేదేం? ఫుజియాన్ 2022లో జలప్రవేశం చేసి 2025 నవంబరులో దళంలో చేరింది. దానికి అణు రియాక్టరు లేదు. క్యాటపల్టు మాత్రం విద్యుదయస్కాంతమే, జె-35 యుద్ధవిమానాన్నీ కేజే-600 నిఘా విమానాన్నీ విసిరి చూపించారు. అంతకుముందు వాళ్ల రెండు నౌకలకూ ముందుకొసన ఎత్తుగా వంగిన ర్యాంపే దిక్కు. ఆవిరి మెట్టు ఎక్కకుండానే దూకేశారు. ఫ్రాన్స్ తన తర్వాతి నౌకకు అమెరికా నుంచి ఇదే వ్యవస్థను తీసుకుంటోంది. ఇందరు ఒకే దారి పట్టారంటే అందరికీ మతి పోయిందనుకోవాలా?

ఆవిరిబండి
చైనా క్యాటపల్టు ఎన్ని ప్రయోగాలకు ఒకసారి మొరాయిస్తుందో వాళ్లు అచ్చేసి పంచరు. అమెరికా లోపాలు మనకు తెలిసింది వాళ్ల నివేదికలు బయటకు వస్తాయి కాబట్టే. పోలిక అంటే రెండు పళ్లేల్లోనూ తూకం ఉండాలి కదా.

ఇంకొకటి, అందరూ క్యాటపల్టు దగ్గరే ఆగిపోయారు. ఫోర్డ్ మరుగుదొడ్ల సంగతి విన్నారా? విమానాల్లో ఉండేలాంటి వాక్యూమ్ పద్ధతి పెట్టారు. గొట్టాలు మూసుకుపోతే ప్రత్యేక ఆమ్లంతో కడగాలి, ఒక్కసారికి 4 లక్షల డాలర్లని 2020లో ప్రభుత్వ లెక్కల తనిఖీ సంస్థ తేల్చింది. సిబ్బందిని వందల్లో తగ్గించి 50 ఏళ్లలో 400 కోట్ల డాలర్లు మిగులుస్తామన్నారు. ఆ మిగులులోంచి ఈ ఆమ్లం ఖర్చును ఎవరైనా తీసేశారా?

యంత్రగతి
మరుగుదొడ్ల దగ్గర మీరే గెలిచారు. అయితే అదే పద్ధతి, అదే తిప్పలు జార్జ్ హెచ్. డబ్ల్యూ. బుష్ నౌకలోనూ ఉన్నాయి. అది నిమిట్జ్ తరగతిది, ఆవిరి క్యాటపల్టులదే! 2023 మే నుంచి 2024 జనవరి దాకా ఫోర్డ్ ఎనిమిది నెలలు సముద్రం మీద పనిచేసి వచ్చిందన్నదీ కాస్త లెక్కలో వేసుకోండి.

తీరరేఖ
సందేహి గారి కెనెడీ ఉదాహరణకు నా దగ్గర జవాబు లేదు. శీర్షికలోని ‘ఒకేసారి’ అన్నది సగం ప్రశ్నే అనిపిస్తోంది. ఫిట్టర్ గారూ, నాలుగింటికీ ఉమ్మడి పెట్టడం బరువు తగ్గించడానికేనా? విడదీసే ఏర్పాటు ముందే పెట్టి ఉండవచ్చా?

పాత ఫిట్టర్
డ్రాయింగులు చూడకుండా బరువు సంగతి చెప్పను. ఉమ్మడిగా ఉంటే ఒక యంత్రం పోయినా మిగతావి కాస్తాయి, ఆ లాభం నిజమే. కానీ లక్ష టన్నుల నౌకలో, వంద మీటర్ల మోటార్లు నాలుగు పట్టిన చోట, తాళం వేసుకునే నాలుగు స్విచ్చులకు జాగా దొరకలేదంటే మాత్రం నేను నమ్మను.