కుడి చెంప ఒక్కటే ఎందుకు నల్లబడుతోంది? వ్యాను డ్రైవరు చర్మం గురించి ఒక ప్రశ్న

కోవూరు అమ్మాయి:

అందరికీ నమస్కారం. మా నాయన గురించి అడుగుతున్నాను. ఆయన సరుకుల వ్యాను నడుపుతాడు. పొద్దున్నే నెల్లూరులో లోడు ఎక్కించుకుని హైవే మీద ఒంగోలు పోతాడు. అక్కడ దించేసి, భోజనం చేసి, మధ్యాహ్నం బయలుదేరి సాయంత్రానికి ఇల్లు చేరతాడు. వయసు 54. నాకు ఊహ తెలిసినప్పటి నుంచీ ఇదే రూటు.

మొన్న లైసెన్సు రెన్యువల్‌కి ఫోటో తీయించినప్పుడు చూశాను, మొహం రెండు పక్కలా ఒకేలా లేదు. కుడి కంటి కొసన మొదలైన ముడతలు చెవి దాకా పోయినాయి. ఎడమ పక్క ఆయన నవ్వితే తప్ప ముడత కనపడదు. కుడి చెంప ఎముక మీద రూపాయి బిళ్లంత మంగు మచ్చ, దాని చుట్టూ చిన్నచిన్నవి. కుడి మోచేయి ఎప్పుడూ కిటికీ మీదే ఉంటుంది కదా, ఆ చేతి తోలు మందంగా, గరుగ్గా అయింది. చొక్కా చేయి పైకి లాగితే గీత గీసినట్టు రెండు రంగులు.

అమ్మ ఒంట్లో వేడి అంటోంది. పక్కింటావిడ లివరు చూపించుకోమంటోంది. తోటి డ్రైవరు ఒకాయన ఏదో క్రీము ఇచ్చాడు. రాసిన కొత్తలో మచ్చ బాగా తగ్గింది. ఇప్పుడేమో ఎండ తగిలితే చాలు మంట, చెంప ఎర్రబడి సన్నటి నరాలు కనపడుతున్నాయి. మానేస్తే ఇంకా ఎక్కువవుతోందని మళ్లీ అదే రాస్తున్నాడు.

అద్దం ఎత్తి ఉన్నా ఎండ పనిచేస్తుందా? ఈ వయసులో సన్‌స్క్రీన్ మొదలుపెడితే ఉపయోగం ఉంటుందా? ఆయనైతే అవన్నీ ఆడపిల్లలకి అంటున్నాడు. నాకు మాత్రం చాలా టెన్షన్‌గా ఉంది.

కావలి ఫార్మసిస్టు:

చెల్లీ, నేను కావలిలో మందుల షాపు నడుపుతాను. ముందు ఆ క్రీము ట్యూబు మీద సన్న అక్షరాల్లో ఏం రాసి ఉందో చదివి ఇక్కడ పెట్టు. దాని సంగతి తర్వాత చెప్తాను. ఈలోగా మిగతావి.

మీ నాయన రూటు ఒకసారి మ్యాపులో చూడు. పొద్దున నెల్లూరు నుంచి ఒంగోలు పోవడం అంటే ఉత్తరానికి పోవడం. మన బండ్లలో డ్రైవరు కుడి పక్క కూర్చుంటాడు, అంటే తూర్పు కిటికీ ఆయనది. పొద్దుటెండ కుడి చెంప మీద. మధ్యాహ్నం తిరిగొచ్చేటప్పుడు బండి దక్షిణానికి తిరుగుతుంది, అప్పుడు ఆయన కిటికీ పడమర వైపు. సాయంకాలపు ఎండ కూడా కుడి చెంప మీదే. పోయేటప్పుడూ వచ్చేటప్పుడూ ఎడమ చెంపకి నీడే. ఇన్నేళ్లుగా ఒకే రోడ్డు మీద ఒకే చెంప ఎండకి పెట్టాడు పాపం.

ఇలాంటి మనిషి గురించే 2012లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్ అనే వైద్య పత్రికలో ఒక ఫోటో వచ్చింది. అమెరికాలో 28 ఏళ్లు డెలివరీ ట్రక్కు నడిపిన 69 ఏళ్ల ఆయన. వాళ్ల స్టీరింగు ఎడమ పక్క కాబట్టి ఎడమ చెంప మాత్రం మందంగా, లోతైన ముడతలతో వేలాడుతుంటుంది, కుడి చెంప అదే మనిషిది అంటే నమ్మలేం. నెట్‌లో దొరుకుతుంది, మీ నాయనకి తప్పకుండా చూపించు. నేను ఎంత చెప్పినా రాని నమ్మకం ఆ ఒక్క ఫోటోతో వస్తుంది.

అద్దం సంగతి. ఎండలో మన చర్మాన్ని పాడుచేసే అల్ట్రావయొలెట్ (యూవీ) కిరణాలు ముఖ్యంగా రెండు రకాలు. యూవీబీ చర్మాన్ని కాలుస్తుంది, మధ్యాహ్నం ఎక్కువ, మామూలు అద్దం దాన్ని దాదాపుగా ఆపేస్తుంది. యూవీఏ లోపలి పొర దాకా దిగుతుంది, మంట తెలియదు, పొద్దునా సాయంత్రం కూడా ఉంటుంది, అద్దంలోంచి వస్తుంది. ముందు అద్దం రెండు పొరల మధ్య ప్లాస్టిక్ పెట్టి చేస్తారు కాబట్టి చాలావరకు ఆపుతుంది. పక్క అద్దం అలా కాదు. 2016లో అమెరికాలో 29 కార్లు కొలిచి చూస్తే ముందు అద్దాలు సగటున 96 శాతం యూవీఏని ఆపినాయి, పక్క అద్దాలు సగటున 71 శాతమే, కొన్ని బండ్లలో 44 శాతమే. ఇక మీ నాయన మోచేయి కిటికీ మీద పెట్టి అద్దం దించుకుని పోతుంటే ఆపేదే లేదు.

ఎండ వల్ల తోలు ఎందుకు ముదురుతుందో మిషిగన్ యూనివర్సిటీ వాళ్లు 1990ల్లో పరిశోధన చేసి చూపించారు. చర్మాన్ని బిగువుగా పట్టి ఉంచేది కొల్లాజెన్ అనే ప్రోటీను. అల్ట్రావయొలెట్ తగలగానే చర్మంలోని కణాలే కొల్లాజెన్‌ని కత్తిరించే ఎంజైములు తయారుచేస్తాయి. చర్మం ఎర్రబడేంత ఎండ కూడా అక్కర్లేదు, అంతకంటే బాగా తక్కువ మోతాదుకే ఆ ఎంజైములు పుడతాయని తేలింది. తెగింది మళ్లీ కట్టుకుంటుంది గానీ పూర్తిగా కుదరదు. రోజూ కొంచెం కొంచెం మిగిలిపోయిన ఆ లోటే ముడత.

ఈ వయసులో ఉపయోగం ఉందా అన్నావు. ఉంది. ఆస్ట్రేలియాలో నాంబూర్ అనే ఊళ్లో 55 ఏళ్లలోపు వాళ్లు 903 మందిని తీసుకుని, కొంతమందిని రోజూ సన్‌స్క్రీన్ రాయమన్నారు, మిగతావాళ్లని వాళ్ల ఇష్టానికి వదిలేశారు. అరచేతి వెనక పక్క చర్మానికి సిలికాన్‌తో అచ్చు తీసి, మొదట్లో ఒకసారి, నాలుగున్నరేళ్ల తర్వాత ఒకసారి గీతలు పోల్చారు. రోజూ రాసినవాళ్లలో ముదరడం 24 శాతం తక్కువ. ఫలితాలు 2013లో వచ్చాయి. వాడింది ఎస్‌పీఎఫ్ (యూవీబీ నుంచి ఎంత కాపు ఇస్తుందో చెప్పే నంబరు) 15 రకమే, అంత ఖరీదైందేమీ కాదు. నలభై, యాభై దాటినవాళ్లు కూడా అందులో ఉన్నారు.

ఇక రాసే పద్ధతి. నాకు బాధ కలిగించేది ఇదే, కొంటారు గానీ చాలినంత రాయరు. పెట్టె మీద ఎస్‌పీఎఫ్ 50 అని ఉందంటే, చదరపు సెంటీమీటరుకి 2 మిల్లీగ్రాముల లెక్కన రాసి కొలిచిన నంబరు అది. మొహానికీ మెడకీ కలిపి గ్రాము పైనే పడుతుంది, చూపుడువేలు, నడిమివేలు పొడుగునా రెండు గీతలు పిండితే సరిపోతుంది. ఆ లెక్కన 50 గ్రాముల ట్యూబు రోజుకొకసారి రాసినా నెలన్నరలోపు అయిపోవాలి. మా షాపులో సంక్రాంతికి కొన్నవాళ్లు ఉగాది దాటినా మళ్లీ రారు. అడిగితే ఇంకా సగం ఉందంటారు. శనగగింజంత రాసుకుంటే అంతే మిగులుతుంది, పనిచేయడం కూడా అంతే.

మీ నాయనకి నా సలహా: డ్రైవర్లు వేసుకునే పొడుగు చేతి తొడుగు కుడి చేతికి, ఫుల్ చేతుల చొక్కా, కుడి చెంపకీ చెవికీ మెడకీ సన్‌స్క్రీను. పొద్దున బండెక్కే ముందు ఒకసారి, ఒంగోలులో భోజనం చేసి మొహం కడుక్కున్నాక ఇంకోసారి. ట్యూబు మీద ఎస్‌పీఎఫ్ 30 గానీ 50 గానీ ఉండాలి. ఆ రెండిటికీ తేడా కొంచెమే, యూవీబీలో 97 శాతం, 98 శాతం ఆపుతాయి. ఆయనకి అసలు కావలసింది యూవీఏ కాపు, దానికి పీఏ పక్కన ప్లస్ గుర్తులు మూడో నాలుగో ఉన్నది చూసి తీసుకో.

కొత్తపట్నం:

ఇవన్నీ తెల్లవాళ్లకి అక్కా. మా తాత సముద్రం మీద వేటకి పోయేవాడు, ఒంటికి కొబ్బరినూనె తప్ప ఏమీ తెలియదు. మన తోలుకి ఎండ అలవాటే. డి విటమిన్ కావాలంటే ఎండ తగలాలి కూడా.

కావలి ఫార్మసిస్టు:

తమ్ముడూ, నువ్వన్నదాంట్లో నిజం ఉంది. నల్లటి చర్మం పైపొర దానంతట అదే ఎస్‌పీఎఫ్ 13 దాకా కాపు ఇస్తుందని, తెల్లవాళ్లకి అది 3 మాత్రమేనని 1979లోనే కొలిచారు. మనం ఆ రెండిటికీ మధ్య. అందుకే మనకి ముడతలు ఆలస్యంగా వస్తాయి. కానీ ఆ కాపు ఇచ్చే మెలనిన్ అనే నల్లరంగు పదార్థం వల్లే మంగు, నల్లమచ్చలు మనకే ముందు వస్తాయి. 2010లో అమెరికాలోని డెట్రాయిట్‌లో చేసిన పరిశోధనలో, అల్ట్రావయొలెట్ లేకుండా కంటికి కనిపించే వెలుతురు ఒక్కటే పెట్టినా ముదురు రంగు చర్మం నల్లబడింది, ఆ నలుపు వారాల తరబడి పోలేదు. తెల్ల చర్మానికి ఏమీ కాలేదు. మామూలు సన్‌స్క్రీన్ ఆ వెలుతురుని ఆపదు. ఐరన్ ఆక్సైడ్ కలిపిన, చర్మం రంగులో ఉండే టింటెడ్ రకం ఆపుతుంది. మంగు ఉన్నవాళ్లు అది అడిగి తీసుకోవాలి.

డి విటమిన్‌కి కావలసింది యూవీబీ. అద్దం దాన్ని ఆపేస్తుందని పైన చెప్పాను. అంటే అద్దం వెనక కూర్చున్న డ్రైవరుకి విటమినూ రాదు, తోలు ముదరడం మాత్రం ఆగదు. కొబ్బరినూనె తోలు ఎండిపోకుండా చూస్తుంది, ఎండ కాపుకి అది చాలదు.

ఇంకో మాట. మన జిల్లాలో ఏప్రిల్ చివర, మళ్లీ ఆగస్టు నడిమి రోజుల్లో సూర్యుడు సరిగ్గా నడినెత్తికి వస్తాడు. ఏప్రిల్లో అందరూ జాగ్రత్త పడతారు. ఆగస్టులో మబ్బు చూసి వదిలేస్తారు. పలచటి మబ్బులోంచి 80 శాతం దాకా అల్ట్రావయొలెట్ కిందికి దిగుతుంది.

ఇస్కపల్లి:

మా అమ్మ ఉప్పు మడుల్లో పనిచేసింది. చీర మీద మా నాయన ఫుల్ చేతుల చొక్కా, తలకి తువ్వాలు, అంతే ఆమెకి తెలిసిన జాగ్రత్త. ఇప్పుడు ఆమె మొహం చూస్తే నుదురు బానే ఉంటుంది, గడ్డం కింద, ముక్కు కింద బాగా నలుపు. కింద నుంచి ఎండ కొడుతుందని ఆమె ఎప్పుడూ అనేది. రొయ్యల గుంటల మీద పనిచేసేవాళ్లకీ అంతేనా అక్కా?

కావలి ఫార్మసిస్టు:

మీ అమ్మగారు సరిగ్గా చెప్పారు. పొడి ఇసుక 15 శాతం, నురగలు కక్కే సముద్రం 25 శాతం అల్ట్రావయొలెట్‌ని పైకి తిప్పికొడతాయని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క. గుంటలో కదలని నీళ్లు అంతకంటే తక్కువే, కానీ నడినెత్తిన ఎండ కింద గట్టు మీద గంటలు గంటలు నిలబడే పని కదా. తువ్వాలుని గడ్డం కింద నుంచి తిప్పి కట్టుకోమనండి. గుడ్డ నేత దట్టంగా ఉండాలి. పలచటి తెల్ల నూలు గుడ్డ, అందులోనూ చెమటకి తడిసింది, పెద్దగా ఆపదు.

కోవూరు అమ్మాయి:

అక్కా, ట్యూబు చూశాను. హైడ్రోక్వినోన్, ట్రెటినాయిన్, మొమెటసోన్ అని మూడు పేర్లు ఉన్నాయి. ఫోటో మాత్రం నాయన చాలాసేపు చూశాడు. చేతి తొడుగు తెమ్మన్నాడు.

కావలి ఫార్మసిస్టు:

నేను అనుమానపడింది అదే చెల్లీ. హైడ్రోక్వినోన్ మచ్చ రంగు తగ్గించేది, మొమెటసోన్ స్టెరాయిడ్. ఈ మూడూ కలిపిన క్రీముని చర్మం డాక్టర్లు మంగుకి కొన్ని వారాల పాటు, దగ్గరుండి చూసుకుంటూ రాయిస్తారు. నెలల తరబడి రాస్తే తోలు పలచబడుతుంది, నరాలు బయటపడతాయి, ఎండ సోకితే మంట. మీ నాయనకి జరుగుతున్నది అచ్చంగా ఇదే. 2018 మార్చిలో కేంద్రం ఇలాంటి స్టెరాయిడ్ క్రీములని డాక్టరు చీటీ ఉంటేనే అమ్మాలని నోటిఫికేషన్ ఇచ్చింది. అయినా ఒకరి చేతిలోంచి ఇంకొకరి చేతిలోకి పోతూనే ఉన్నాయి. మా షాపుకి వచ్చి తెల్లబడే క్రీము ఉందా అని అడిగే ప్రతి ఒక్కరికీ ఇది కూర్చోబెట్టి చెప్తాను, కొంతమంది కోపంగా వెళ్లిపోతారు.

అందులోని ట్రెటినాయిన్‌ని మాత్రం చెడ్డ మందు అనుకోవద్దు. ఎండ వల్ల ముదిరిన చర్మం దానితో మెరుగుపడుతుందని క్లిగ్మన్ అనే డాక్టరు బృందం 1986లోనే చూపించింది. స్టెరాయిడ్ లేకుండా, రాత్రిపూట, చర్మం కుదుటపడ్డాక, డాక్టరు చెప్తేనే వాడాలి.

నెల్లూరు పెద్దాసుపత్రిలో చర్మ విభాగం ఓపీ ఉంది. ట్యూబు పారేయకుండా వెంట తీసుకెళ్లండి, ఎప్పటి నుంచి రాస్తున్నాడో చెప్పండి. స్టెరాయిడ్‌ని ఉన్నట్టుండి ఆపితే మంట, ఎరుపు ఎక్కువవుతాయి, అందుకే ఎలా తగ్గించుకుంటూ రావాలో వాళ్లే చెప్తారు. ఆ రూపాయి బిళ్లంత మచ్చ కూడా దగ్గరగా చూపించండి. పెరుగుతున్నా, అంచులు వంకరగా మారుతున్నా, పుండై మానకపోయినా తప్పక చెప్పాలి. చెంప మంట తగ్గేదాకా సన్‌స్క్రీన్లో జింక్ ఆక్సైడ్ రకం, వాసన కలపనిది తీసుకో. అదీ మండితే తువ్వాలు చాలు.