మధ్యయుగపు తత్వవేత్తలు ఊరికే చర్చికి తలూపినవాళ్లేనా?

ప్రశ్న:
తిరుపతిలో ఎమ్మే ఫిలాసఫీ మొదటి ఏడాది చదువుతున్నాను. మా క్లాసులో అరిస్టాటిల్‌ని వారాల తరబడి చెప్పి, మధ్యయుగం దగ్గరికొచ్చేసరికి "చర్చి చెప్పినదానికి తలూపిన కాలం" అని ఒక్క గంటలో తేల్చేసి, మర్నాడే 17వ శతాబ్దపు డెకార్ట్ మొదలుపెట్టారు. ఇద్దరికీ మధ్య 1,900 ఏళ్లు. అన్నేళ్లూ ఎవరూ ఆలోచించలేదంటే నమ్మబుద్ధి కావట్లేదు. పరీక్ష టెన్షన్ కాదు, నిజంగా తెలుసుకోవాలనుంది. ఆ కాలపు తత్వవేత్త అక్వినాస్‌ని చదవడం దండగా?

జవాబు:
దండగ కానే కాదు తమ్ముడూ. అక్వినాస్ 'సుమ్మా థియాలజికా' మొదటి భాగంలో రెండో ప్రశ్న, మూడో విభాగం తీసి చూడు. దేవుడున్నాడా అని అడిగి, ఆయన ముందు రాసేది "లేడనే అనిపిస్తోంది" అని. దేవుడు అంతులేని మంచి అయితే లోకంలో చెడు ఉండకూడదు, కానీ ఉంది. పైగా జరిగేదంతా ప్రకృతితో, మనిషి బుద్ధితో వివరించగలిగితే ఇంక దేవుడెందుకు? ఇప్పటి నాస్తికులు అడిగేవి ఇవే కదా, 13వ శతాబ్దంలో ఒక సన్యాసి తనే రాసిపెట్టాడు. ఆ తర్వాతే దేవుడున్నాడనడానికి తన ఐదు దారులు చెప్పి, చివర్లో ఆ రెంటికీ విడివిడిగా జవాబిస్తాడు. పుస్తకమంతా ఇదే వరస. అంతకుముందే, 12వ శతాబ్దంలో, అబెలార్డ్ అనే తత్వవేత్త 158 ప్రశ్నలు తీసుకుని, చర్చి పెద్దల మాటలే ఒకదానికొకటి ఎలా పొసగవో పక్కపక్కన పెట్టి, తీర్పు చెప్పకుండా వదిలేశాడు. 1277లో పారిస్ బిషప్ 219 వాదాలను నిషేధించాడు. అందరూ తలూపేవాళ్లే అయితే ఆ నిషేధం దేనికి?

జవాబు:
నేను ఇక్కడే సంస్కృత విద్యాపీఠంలో న్యాయ దర్శనం, అంటే మన తర్కశాస్త్రం, చదివాను. పైన అన్న రాసింది చూస్తే ఎదుటివాళ్ల వాదాన్ని ముందు నిలబెట్టే మన పూర్వపక్షమే గుర్తొచ్చింది. బ్రహ్మసూత్రాల మీద రాసిన శ్రీభాష్యంలో రామానుజులవారు అద్వైతుల వాదాన్ని ఎంత నిండుగా చెప్తారంటే, కొత్తగా చదివేవాళ్లు ఆయన మతమే ఇదేమో అనుకుంటారు. అయితే పద్ధతి కలిసింది కదా అని రెండూ ఒకటే అనేయకండి. కుండను చూసి కుమ్మరి ఉన్నాడని తెలుసుకున్నట్టు, జగత్తును చూసి కర్తను ఊహించవచ్చంటాడు న్యాయ పండితుడు ఉదయనుడు; అక్వినాస్ దారి దీనికి దగ్గర. రామానుజులవారు దాన్ని ఒప్పుకోరు, దేవుడి విషయంలో శాస్త్రమే ప్రమాణం, అనుమానం (అంటే తర్కంతో ఊహించడం) చాలదంటారు. జీవితమంతా స్వామి సేవలో గడిపిన ఆచార్యుడు తర్కంతో నిరూపణ కుదరదనడం, అక్కడ చర్చి సన్యాసి కుదురుతుందనడం... నాకు ఇన్నేళ్లుగా ఆలోచన తెగని విషయం ఇది. అక్వినాస్ తర్వాత వచ్చిన ఇంగ్లండ్ తత్వవేత్త ఓకమ్ కూడా ఇక్కడ తర్కానికి అంత బలం లేదన్న వైపే మొగ్గాడు.

జవాబు:
చిత్తూరు నుంచి. మీ సిలబస్‌లో మర్నాడే వచ్చిన డెకార్ట్ చదువుకున్నది జెసూట్లనే చర్చి సన్యాసుల బడిలో, నేర్చుకున్నది ఈ మధ్యయుగపు వాళ్ల తత్వమే. 1641లో 'మెడిటేషన్స్' అచ్చువేసినప్పుడు ఇతరుల అభ్యంతరాలు, వాటికి తన జవాబులు కలిపి వేశాడు. అందులో ఐదో అధ్యాయంలో దేవుడికి ఇచ్చిన నిరూపణ 11వ శతాబ్దపు అన్సెల్మ్ వాదానికి చుట్టమే, 1781లో జర్మన్ తత్వవేత్త కాంట్ పట్టుబట్టి ఖండించిందీ దాన్నే. ఇంకో మాట, స్పెయిన్ ముస్లిం పండితుడు అవెరోస్‌ని వదలొద్దు. అక్వినాస్ ఆయన్ని చాలాచోట్ల పేరుతో కాక 'వ్యాఖ్యాత' అనే అంటాడు, అరిస్టాటిల్ విషయంలో ఆయనకున్న స్థాయి అది.

అడిగినవారు:
అందరికీ చాలా థ్యాంక్స్. రాత్రే ఆ విభాగం చదివాను. చెడు నుంచి కూడా మంచిని తీయగలడు కాబట్టే దేవుడు చెడును ఉండనిస్తాడని, తొలినాటి చర్చి పెద్ద అగస్టీన్ మాట తెచ్చి నాలుగైదు లైన్లలో ముగించాడు. ప్రశ్నను అంత గట్టిగా పెట్టినవాడి జవాబు నాకు ఇంకా ఆనలేదు. ఆ ఒక్క అభ్యంతరం మీద ఎవరైనా వివరంగా రాస్తారా అన్నా?