లైబ్రరీ భవనాల పాత పోస్టుకార్డులు: ఏ ఏడాదివో తేల్చడం, ఊడదీయడం, దాచడం

(ఇది కొందరి మధ్య సాగిన చర్చ. ప్రతి భాగం పైన ఉన్నది రాసినవారి మారుపేరు.)

కార్డులడబ్బా:
లైబ్రరీ భవనాల పాత పోస్టుకార్డులు 60 దాకా ఉన్నాయి. చాలావరకు అమెరికావి, కొన్ని బ్రిటన్‌వి, అయిదారు బెల్జియంవి. వరసలో పెడదామంటే మూడు చోట్ల చిక్కుపడుతోంది.

ఒకటి, తేదీ. పోస్టు ముద్ర ఉన్నవాటికి అందులోని ఏడాదే రాసేస్తున్నాను. ముద్ర లేనివి సగానికి పైనే, వాటికి ఏం రాయాలి? రెండు, కార్నెగీ లైబ్రరీలు, అంటే అమెరికా ఉక్కు వ్యాపారి ఆండ్రూ కార్నెగీ ఇచ్చిన డబ్బుతో కట్టినవి. మెట్లు, నాలుగు స్తంభాలు, పైన త్రికోణం. ఏ ఊరిదైనా ఒకటే ముఖం. రెండు కార్డుల మీద అచ్చం ఒకే భవనం ఉంది, కింద ఊళ్ల పేర్లు మాత్రం వేరు. మూడు, 12 కార్డులు నల్ల కాగితపు ఆల్బమ్‌కి జిగురుతో అతుక్కుని ఉన్నాయి. ఊడదీసే దారి ఏది?

వెనకవైపు:
ముందు ఆ మొదటి అలవాటు మానండి. ఒక్కో కార్డుకి మూడు తేదీలుంటాయి: ఫోటో తీసినది, అచ్చు వేసినది, పోస్టులో వేసినది. ముద్ర చెప్పేది మూడోది ఒక్కటే. 'ఇంతకంటే తర్వాతది కాదు' అన్నంత వరకే దానికి విలువ. దుకాణంలో అయిదారేళ్లు మగ్గినవి, ఇంట్లో సొరుగులో పదేళ్లు పడున్నవి మామూలే. మూడింటికీ విడివిడిగా గడులు పెట్టుకోండి. తెలియని గడి ఖాళీగా ఉన్నా ఫర్వాలేదు, తప్పు ఏడాది రాస్తే అదే తర్వాత మీ నెత్తికి చుట్టుకుంటుంది.

అచ్చు తేదీకి కార్డు తిప్పి చూడాలి. అమెరికా కార్డు వెనక 'ప్రైవేట్ మెయిలింగ్ కార్డ్' అనీ, 1898 మే 19 నాటి చట్టం ప్రస్తావనా ఉంటే అది 1898–1901 మధ్యది. 1901 డిసెంబరు చివర్లో ప్రైవేటు ముద్రాపకులకు 'పోస్ట్ కార్డ్' అన్న మాట వాడుకునే వీలిచ్చారు. అప్పటికీ వెనకవైపు చిరునామా ఒక్కటే రాయాలి, కబురు ఏదైనా ఉంటే బొమ్మ పక్కన ఇరికించాల్సిందే. బొమ్మ మీద చేతిరాత కనబడగానే 'పాడైన కార్డు' అని పక్కన పడేసేవాళ్లను చూస్తే నవ్వొస్తుంది. అది పాడు కాదు, ఆ కాలపు గుర్తు. 1907 మార్చి 1 నుంచి మధ్యలో నిలువు గీత వచ్చింది, ఎడమవైపు కబురు, కుడివైపు చిరునామా. బ్రిటన్‌లో ఆ గీత 1902లోనే ఉంది, జర్మనీలో 1905లో. 'గీత ఉంటే 1907 తర్వాతది' అన్న లెక్క అమెరికా కార్డులకే పనికొస్తుంది, మీ బ్రిటన్ కార్డులకు దాన్ని తగిలించకండి.

తర్వాత బొమ్మవైపు. చుట్టూ తెల్ల అంచు ఉంటే సుమారు 1915–30. గుడ్డ నేతలా వేలికి గరుకు తగిలే లినెన్ అయితే 1930 నుంచి 50ల తొలినాళ్ల దాకా. నునుపుగా మెరిసే రంగు ఫోటో, అంటే క్రోమ్, 1939లో మొదలైంది. ఇవి ఒకదాని మీదకి ఒకటి జరుగుతూ ఉంటాయి కాబట్టి ఒంటరి సాక్ష్యంగా తీసుకోకూడదు.

షికాగోలోని కర్ట్ టైచ్ కంపెనీ లినెన్ కార్డు అయితే పని చాలా తేలిక. నంబరు '5ఎ-హెచ్' లాగా ఒక అంకె, ఆ వెంట ఇంగ్లిష్ అక్షరాలతో మొదలవుతుంది. ఎ అంటే 1930లు, బి అంటే 40లు, సి అంటే 50లు. ముందున్న అంకె ఆ దశాబ్దంలో ఏడాది. 5ఎ అంటే 1935, 2బి అంటే 1942.

ముద్ర చెరిగిపోయి ఏడాది కనబడకపోతే స్టాంపు విలువ చూడండి. అమెరికాలో ఇలాంటి కార్డుకి చాలాకాలం 1 సెంటే. 1917 నవంబరు 2 నుంచి 1919 జూన్ 30 దాకా యుద్ధం వల్ల 2 సెంట్లు, మళ్లీ 1925–28 మధ్య 2 సెంట్లు, ఆ తర్వాత 1952 జనవరి 1 నుంచి 2 సెంట్లు. తెల్ల అంచు కార్డు మీద 2 సెంట్ల స్టాంపు ఉంటే వెతకాల్సిన ఏళ్లు ఎన్నో లేవు. చిరునామాలో ఊరి పేరు తర్వాత ఒకటి రెండంకెల జోన్ నంబరుంటే 1943లోనో ఆ తర్వాతో పోస్టు చేసినది, 5 అంకెల జిప్ (మన పిన్‌కోడ్ లాంటిది) ఉంటే 1963 నుంచి.

భూతద్దం10:
రెండో ప్రశ్నకి. కార్నెగీ డబ్బుతో ప్రపంచం మొత్తం మీద లేచిన లైబ్రరీ భవనాలు 2,509. అందులో 1,600కు పైగా అమెరికాలోనే. 1911లో ఆయన కార్యదర్శి జేమ్స్ బెర్ట్రమ్ నమూనా ప్లాన్లతో ఒక చిన్న పుస్తకం అచ్చేసి, డబ్బు అడిగిన ఊళ్లకు పంపడం మొదలుపెట్టాడు. షికాగోలోని పాటన్ అండ్ మిల్లర్ అనే ఒక్క ఆర్కిటెక్టుల సంస్థే వందకు పైగా కార్నెగీ లైబ్రరీలు గీసింది. కాబట్టి మీ రెండు కార్డుల్లోవి నిజంగానే రెండు ఊళ్ల కవల భవనాలు కావచ్చు, పబ్లిషర్ తప్పు పేరు వేసినా వేసి ఉండొచ్చు.

తేల్చేది భవనం కాదు, దాని చుట్టుపక్కల. పక్కింటి కప్పు వాలు, కరెంటు స్తంభానికి ఎన్ని అడ్డకర్రలు, పేవ్‌మెంటు అంచు, చెట్టు కొమ్మ ఎక్కడ చీలింది. రెండు కార్డుల్లోనూ కొమ్మ ఒకేచోట ఒకేలా చీలితే నెగటివ్ ఒకటే, పేర్లలో ఒకటి తప్పు. అయితే స్తంభాలు, తీగలు అచ్చుకి ముందే చెరిపేయడం ఆ రోజుల్లో రివాజు. ఒక కార్డులో తీగలుండి రెండోదాంట్లో లేకపోతే అంతమాత్రాన వేరే ఫోటో అనుకోకండి.

రంగుని అస్సలు నమ్మకండి. మొదటి ప్రపంచయుద్ధం ముందు అమెరికా కార్డులు పెద్ద ఎత్తున జర్మనీలో అచ్చయ్యేవి. అమెరికా నుంచి వెళ్లేది నలుపు–తెలుపు ఫోటో, అక్కడ రంగులద్దే మనిషి ఆ ఊరి మొహం ఎరగడు. సున్నపురాయి గోడ ఎర్ర ఇటుక అయిపోతుంది. దీనికి మంచి సాక్ష్యం శాన్‌బోర్న్ అగ్నిప్రమాద బీమా మ్యాపులు: భవనం ఇటుకదైతే గులాబీ, రాయిదైతే నీలం, చెక్కదైతే పసుపు వేసి ఉంటుంది. అమెరికాలోని లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ వీటిని పెద్ద సంఖ్యలో ఆన్‌లైన్‌లో పెట్టింది. ఊరు పేరుతో వెతికి, కార్డు కాలానికి దగ్గరి సంచిక తెరవండి. రంగుతో పాటు వీధి మూల, మెట్లు ఏ దిక్కున ఉన్నాయో కూడా సరిపోల్చుకోవచ్చు.

'రాత్రి దృశ్యం' కార్డులు ఒకటి రెండు మీ దగ్గర ఉండే ఉంటాయి. కిటికీలు పసుపుగా వెలుగుతుంటాయి, భవనం వెనక చందమామ. మెట్ల దగ్గర భూతద్దం పెట్టండి. రెయిలింగు నీడ పదునుగా పక్కకి పడి ఉంటుంది. వెనకాల ఉన్న చందమామ నీడ మనవైపు కదా రావాలి! పగటి ఫోటోకి నీలం పూసి అమ్మినది. మీ జాబితాలో దాన్ని అదే నెగటివ్‌ నుంచి వచ్చిన పగటి కార్డుతో జత చేయండి. ఇంకో మోసం, కట్టకముందే ఆర్కిటెక్టు గీసిన బొమ్మతో వేసిన కార్డు. అందులో ఉన్న గోపురం చివరికి కట్టిన భవనానికి ఉండకపోవచ్చు.

అచ్చు రకానికి 10 రెట్లు పెంచే భూతద్దం చాలు. చుక్కలు బారులు తీరి ఉంటే హాఫ్‌టోన్. చుక్కలు లేకుండా, ఎండిన చెరువు అడుగులా సన్నటి ముడతలు అల్లుకుపోతే కొలొటైప్, దీనికి 30 రెట్ల అద్దం అయితే ఇంకా స్పష్టం. ఎంత పెంచినా ఏమీ విడిపోకుండా బూడిదరంగు నునుపుగా కరిగిపోతే రియల్ ఫోటో, అంటే సిరాతో అచ్చు వేయకుండా నెగటివ్ నుంచి నేరుగా ఫోటో కాగితం మీద తీసినది. రియల్ ఫోటోని అంగుళానికి 1200 చుక్కల దగ్గర స్కాన్ చేస్తే తలుపు పైన చెక్కిన అక్షరాలు దొరకవచ్చు. హాఫ్‌టోన్‌కి 600 దాటితే పెరిగేది చుక్కలే.

గోరువెచ్చన:
ఆల్బమ్ కార్డులకి పెద్ద హంగామా అక్కర్లేదు. పేజీతో సహా గోరువెచ్చని నీళ్లలో 20 నిమిషాలు ఉంచితే జిగురు వదిలేస్తుంది.

సన్నరేకు:
నానబెట్టకండి. నల్ల కాగితం రంగు వదులుతుంది, కార్డు వెనకంతా ముదురు మరకలవుతుంది. అది చిన్న నష్టం. ఆ కాలంలో చాలామంది రాసింది కాపీయింగ్ పెన్సిల్‌తో. పొడిగా ఉన్నప్పుడు మామూలు పెన్సిల్ బూడిదరంగే, తడి తగలగానే ఊదాగా మారి పారిపోతుంది. చేత్తో రంగులద్దిన కార్డుల్లో రంగూ కదులుతుంది. రియల్ ఫోటో అయితే ఎమల్షన్, అంటే బొమ్మ ఉన్న పైపొర, ఉబ్బి మెత్తబడుతుంది, ఏది తగిలితే దానికి అంటుకుంటుంది, ఆరాక కార్డు చుట్ట తిరుగుతుంది.

పొడిగానే చేయాలి. ముందు ఆ పేజీని రెండువైపులా స్కాన్ చేయండి, కార్డు పక్కన రాసినది ఏదైనా ఉంటే పోకుండా. తర్వాత కార్డు చుట్టూ ఒక సెంటీమీటరు వదిలి పేజీని కత్తిరించండి. కార్డుని బొమ్మ కిందికి వచ్చేలా శుభ్రమైన నున్నటి కాగితం మీద బోర్లించి, వెనకున్న నల్ల కాగితాన్ని పొరలు పొరలుగా వలవండి. కార్డుని పేజీ నుంచి లాగకూడదు, పేజీని కార్డు నుంచి తీయాలి. వంగేది ఎప్పుడూ నల్ల కాగితమే, కార్డు కాదు. జిగురు మూలల్లోనే ఉంటే, వాసనా మైనమూ లేని డెంటల్ ఫ్లాస్‌ని (పళ్ల సందులు శుభ్రం చేసే దారం) మధ్యలోకి జొనిపి రంపంలా మెల్లగా ఆడిస్తే చాలు. పలచటి స్టీలు రేకు వాడితే పడుకోబెట్టి తోయండి, మొన పైకి లేస్తే చిరునామా చిరుగుతుంది. చివరి పొర రాకపోతే వదిలేయండి. వెనక కాస్త నల్ల పొర మిగిలిన కార్డే, గీతా ముద్రా ఊడిపోయిన కార్డు కంటే వెయ్యి రెట్లు నయం. బొమ్మవైపు అతుక్కున్న కార్డు జోలికి మాత్రం ఇంట్లో వెళ్లకండి, అది కాగితం కన్జర్వేటర్, అంటే పాత కాగితాలు బాగుచేసే నిపుణుడి చేతి పని.

కార్డులడబ్బా:
నానబెట్టడం ఆగిపోయింది, మంచిదయింది. రియల్ ఫోటో కార్డులు తొమ్మిది తేలాయి. స్టాంపు గడి చుట్టూ 'అజో' అని, మూలల్లో చిన్న త్రికోణాలున్నాయి. ఇంకోటి, బెల్జియం కార్డులన్నీ లూవెన్ విశ్వవిద్యాలయ లైబ్రరీ అని ఉన్నాయి, కానీ భవనాలు రెండు రకాలు.

వెనకవైపు:
అజో అన్నది ఫోటో కాగితం బ్రాండు. దాని త్రికోణాలు నాలుగూ పైకి చూస్తుంటే సుమారు 1904–18. రెండు పైకి, రెండు కిందికి అయితే 1918–30. త్రికోణాలకి బదులు చతురస్రాలుంటే 20ల మధ్య నుంచి 40ల దాకా. ఇది ఫోటో కాగితం తయారైన కాలం మాత్రమే, పాత నెగటివ్‌ని కొత్త కాగితం మీద ఎప్పుడైనా వేయొచ్చు. అనుమానం ఉన్నదాన్ని చీకట్లో అతినీలలోహిత లైటు కింద పెట్టండి. కాగితం నీలిగా వెలిగితే అందులో తెలుపు పెంచే రసాయనం ఉన్నట్టు, అంటే దాదాపు 1950 తర్వాతి కాగితం. దాని మీద 1910 నాటి స్టాంపు గడి కనబడితే నకలు.

లూవెన్‌ది తికమక కాదు, రెండూ నిజమే. పాత లైబ్రరీ విశ్వవిద్యాలయ హాలులో ఉండేది, 1914 ఆగస్టు 25న జర్మన్ సైన్యం తగలబెట్టింది. కప్పులేని గోడలు కనిపించే కార్డులు ఆ తర్వాతివి. ఎత్తయిన గంటల బురుజు ఉన్నది కొత్త భవనం, వేరే చోట కట్టినది. అమెరికన్ ఆర్కిటెక్టు విట్నీ వారెన్ గీశాడు, 1921లో మొదలై 1928లో తెరిచారు. అదీ 1940 మేలో కాలింది, మళ్లీ నిలబెట్టారు. బురుజు కార్డుల్లో రెండో ప్రపంచయుద్ధానికి ముందువీ తర్వాతవీ విడదీయాలంటే వాహనాలు, స్టాంపులే దిక్కు.

సన్నరేకు:
దాచడం గురించి నాలుగు మాటలు. తొడుగులు పాలీప్రొపిలీన్‌వో పాలియెస్టర్‌వో కావాలి. పీవీసీ వద్దు, అది మెత్తబడి జిడ్డు కారుతుంది, బొమ్మ దానికి అంటుకుంటుంది. కొత్త షవర్ కర్టెన్ వాసన వచ్చే తొడుగు ఏదైనా పీవీసీయే అనుకోండి. పాత అమెరికా కార్డు సుమారు 89 × 140 మి.మీ., తర్వాతి పెద్ద సైజు 105 × 148. తొడుగు కార్డు కంటే 3 మి.మీ. ఎక్కువుంటే సరిపోతుంది, బిగుతైతే మూలలు నలుగుతాయి, వదులైతే లోపల జారి అంచులు అరుగుతాయి.

ఆమ్లం లేని డబ్బాలో నిలబెట్టండి, ప్రతి 25 కార్డులకి ఒక అట్ట. డబ్బా సగమే నిండితే మిగతా చోట అట్టముక్కలు పెట్టి నింపాలి, లేకపోతే కార్డులు వాలి విల్లులా వంగుతాయి. తేమ 30–50 శాతం మధ్య కదలకుండా ఉండాలి. రియల్ ఫోటో అంచుల్లో వెండిలా మెరుపు వస్తే తుడవకండి, అది వెండి పైకి తేలడం, తుడిస్తే బొమ్మే పోతుంది. స్టాంపు పీకొద్దు, ఎంత అందంగా ఉన్నా. జాబితా నంబరు కార్డు మీద కాకుండా తొడుగులో పెట్టే చిన్న చీటీ మీద, అదీ పెన్సిల్‌తో.

భూతద్దం10:
జాబితాలో ఇంకో గడి: 'భవనం ఇప్పుడు'. ఉందా, కూల్చారా, వేరే పనికి వాడుతున్నారా. ఆ పక్కనే, భవనానికి తర్వాత కలిపిన భాగం ఏదైనా ఉంటే అది కట్టిన ఏడాది కూడా రాయండి. భవనానికి 1913లో కుడివైపు కొత్త గది వచ్చిందని తెలిస్తే, ఆ గది కనబడని ఫోటో అంతకు ముందుదే. 1920 ముద్ర ఉన్నా సరే.